ఉల్లి వేరు, కొబ్బరి మొవ్వు

మా ఊరు ఉద్దానంలో, కవిటికి దగ్గర. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా సముద్రం పక్కనే ఉన్న మా ప్రాంతం పేరు చెబితే బయటివాళ్ళకి కొబ్బరితోటలే గుర్తొస్తాయి గానీ, మా తోటల్లో కొబ్బరి ఒక్కటే ఉండదు. కొబ్బరి నీడన జీడి, పక్కన పనస, గట్టు మీద మామిడి. నేలంతా ఇసుక. నడి వేసవిలో కూడా తోటలో చెప్పుల్లేకుండా తిరగొచ్చు. అలాంటి చోట పెరిగినదాన్ని కాబట్టేనేమో, కాలేజీలో చదివిన పాఠాలన్నిట్లో కణవిభజన ఒక్కటి నాతోపాటు ఇంటికొచ్చింది. మిగతావి పరీక్షలయ్యాక చాలావరకు పోయాయి. ఇది మాత్రం చెట్టు మీద గొడ్డలి వేటు పడినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా గుర్తొస్తూనే ఉంది.

1991లో శ్రీకాకుళంలో బి.ఎస్సీ.లో చేరాను. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. హాస్టల్లో ఉండేదాన్ని. ఇంటికి రావాలంటే నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా బస్సు, దిగేసరికి ఒళ్ళు హూనం. తెలుగు మీడియం కాబట్టి తెలుగు అకాడమీ పుస్తకాలే మాకు ఆధారం. అంతర్దశ, ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ. కణవిభజనలోని ఈ దశల పేర్లు కిటికీ పక్కన కూచుని వల్లె వేస్తూ ఉంటే టెక్కలి వచ్చేసేది.

మా బోటనీ మాస్టారి పేరు ఇక్కడ రాయను. ఆయనకి తన పేరు నలుగురిలో పడటం ఇష్టం ఉండేది కాదు. పొట్టిగా ఉండేవారు, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, వేళ్ళకి ఎప్పుడూ ఎర్రటి మరకలు. ఆ మరకలు ఎసిటోకార్మిన్‌వి. కణంలో క్రోమోజోములు కనపడటానికి వేసే రంగు అది. కాక్టస్ మొక్కల మీద బతికే ఒక చిన్న పురుగు నుంచి ఆ ఎరుపు తీస్తారని ఆయన చెప్పినప్పుడు, వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి సీసాని ముట్టుకోవడం మానేసింది.

ఆయన పాఠం బోర్డు మీద మొదలయ్యేది కాదు. బజారు నుంచి ఉల్లిపాయలు తెప్పించేవారు. ఎండిన వేళ్ళని బ్లేడుతో గీసేసి, నీళ్ళు నింపిన హార్లిక్స్ సీసాల మూతి మీద, అడుగు భాగం మాత్రమే తడిసేలా నిలబెట్టేవారు. ల్యాబు కిటికీలో వరసగా సీసాలు. మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగేవి. వాటిని పొద్దున్నే, ఎండ ముదరకముందే కోసేవారు. ఆ వేళలో కోస్తే విభజన చెందుతున్న కణాలు ఎక్కువ దొరుకుతాయని ఆయన పట్టు. కోసిన వేళ్ళని వెంటనే మూడు వంతులు ఆల్కహాలు, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేసేవారు. గది నిండా ఘాటు. "ఇందులో పడిన క్షణాన ఏ కణం ఏ పనిలో ఉందో ఆ పనిలోనే ఆగిపోద్దమ్మా" అనేవారు.

మర్నాడు మా వంతు. వేరుని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్త వెచ్చబెడితే కణాలని అంటిపెట్టే పదార్థం మెత్తబడుతుంది. కడిగి స్లయిడు మీద పెట్టి, చివర ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఉంచి మిగతాది కోసి పారేయాలి. అన్ని సెంటీమీటర్ల వేరు పెంచి, చివరి ముక్క తప్ప అంతా పారేయడం నాకు వింతగా ఉండేది. రెండు చుక్కల రంగు వేసి, స్పిరిట్ దీపం మీద సెగ చూపించి, కవర్‌స్లిప్ వేసి, పైన బ్లాటింగ్ కాగితం పెట్టి బొటనవేలితో నొక్కాలి. పక్కకి జరగకూడదు, నిటారుగా నొక్కాలి. కణాలు ఒకదాని మీద ఒకటి లేకుండా పరుచుకోవాలి. ఎన్ని కవర్‌స్లిప్పులు ఫట్‌మన్నాయో! ల్యాబు అటెండరు ఆ లెక్క రాసుకునేవాడు.

మా మైక్రోస్కోపులకి కరెంటు బల్బు ఉండేది కాదు. కింద గుండ్రటి అద్దం, దాన్ని కిటికీ వైపు తిప్పి వెలుతురు పట్టుకోవాలి. మబ్బు పడితే క్లాసు ఆగిపోయేది. ఆ రోజు మబ్బు లేదు. చిన్న లెన్స్‌లో పెట్టెలు పెట్టెలుగా కణాలు, ప్రతి పెట్టెలో ఒక గులాబీ చుక్క. పెద్ద లెన్స్ తిప్పాను. నడిమధ్య వరస కట్టి నిలబడ్డ ముదురు ఎర్రటి పోగులు, అవే క్రోమోజోములు. మధ్యస్థదశ. పుస్తకంలో బొమ్మ ఎన్నిసార్లు వేసి ఉంటానో. అయినా అదీ ఇదీ ఒకటి కాదు. ఈ వేరు నిన్న పొద్దున్న నా కళ్ళముందు సీసాలో పెరుగుతూ ఉంది. స్లయిడు కొంచెం జరిపితే చలనదశ: పోగులు రెండు జట్లుగా విడిపోయి చెరో కొసకి ప్రయాణంలో ఉన్నాయి. మాస్టారు నా వెనకాల నిలబడి ఏమీ అనలేదు. నేను తల ఎత్తేదాకా ఆగి, "లెక్కపెట్టు" అన్నారు.

ఆయన లెక్కపెట్టమన్నది క్రోమోజోముల్ని కాదు. ఒక చూపులో ఎన్ని కణాలున్నాయి, అందులో ఏ దశలో ఎన్ని అని. ఎక్కడ చూసినా అంతర్దశే, అంటే ఒక విభజనకీ ఇంకో విభజనకీ మధ్యలో ఉన్న కణాలే ఎక్కువ. ప్రథమదశలో కొన్ని, మధ్యస్థ, చలన దశల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఇది ఎందుకలా అని అడిగితే ఆయన చెప్పిన జవాబు నాకిప్పటికీ నోటికొచ్చు. "మన కాంప్లెక్సులో ఒక ఫోటో తీస్తే ఎవరు ఎక్కువమంది కనపడతారు? బస్సు కోసం చూస్తూ నిలబడ్డవాళ్ళు. ఎక్కుతున్నవాళ్ళు నలుగురే ఉంటారు. ఎక్కడం ఒక్క క్షణం, నిలబడటం గంట. మీ స్లయిడు కూడా ఒక ఫోటోయే. ఏ దశలో ఎక్కువ కణాలుంటే, ఆ దశకి అంత ఎక్కువ సమయం పడుతుందన్నమాట." చచ్చిపోయిన కణాలని లెక్కపెట్టి బతికున్న కణం కాలాన్ని కొలవచ్చని తెలిసిన రోజు అది. పరీక్షల కోసం చదివిన చదువులో అంతటి సంతోషం నాకు మరెక్కడా దొరకలేదు.

విశ్రాంతి దశ అని పాత పుస్తకాలు రాసిన అంతర్దశలో నిజానికి విశ్రాంతే లేదు. మనిషి కణం ఒకటి రోజుకొకసారి విభజన చెందుతుందనుకుంటే, పోగులు కనపడి, విడిపోయి, రెండు కణాలయ్యే తతంగం సుమారు గంటలో అయిపోతుంది. మిగతా 23 గంటలూ కణం పెరుగుతుంది, డి.ఎన్.ఏ. మొత్తాన్ని నకలు తీస్తుంది, తీసిన నకల్లో తప్పులు వెతికి దిద్దుకుంటుంది. మన కణంలో ఆ డి.ఎన్.ఏ. పొడవు సుమారు 600 కోట్ల జతల అక్షరాలు. ఇంత పని అయ్యాకే పోగులు ముడుచుకుని, దళసరిగా అయి, మనకి కనపడతాయి. క్రోమోజోముల్ని లాగే సన్నటి దారాలు, కండె పోగులు, రెండు కొసల నుంచి వచ్చి ఒక్కో క్రోమోజోముని రెండు వైపులా పట్టుకుంటాయి. అన్నిటికీ పట్టు దొరికేదాకా కణం ఆగుతుంది. ఒక్కటి మిగిలినా లాగదు. అలా ఆగడం లేకపోతే ఒక పిల్లకణానికి ఒక క్రోమోజోము ఎక్కువ, ఇంకోదానికి తక్కువ వస్తుంది. మొక్క కణమైతే మధ్యలో కణఫలకం కట్టి గోడ వేసుకుంటుంది. జంతుకణానికి గోడ లేదు కాబట్టి నడుము దగ్గర నొక్కుకుని రెండవుతుంది. మాస్టారు ఈ రెండు బొమ్మలూ పక్కపక్కనే వేసి, మధ్యలో గీత గీసేవారు కాదు. "రెండూ ఒక్క పనే" అనేవారు.

పేర్లూ సంవత్సరాలూ చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. 1855లో ఫిర్కో అనే జర్మన్ డాక్టరు ప్రతి కణమూ ఇంకో కణం నుంచే పుడుతుందని తేల్చి చెప్పాడు. అదెలాగో కళ్ళతో చూసి వివరంగా బొమ్మలు గీసినవాడు వాల్తర్ ఫ్లెమింగ్, 1882లో. సాలమాండర్ పిల్లల పారదర్శకమైన కణజాలాన్ని రంగులేసి, దశ తర్వాత దశ చేత్తో గీశాడు. ఫోటోలు కావవి. ఇప్పటి పుస్తకాల్లో మనం వేసే బొమ్మలకి మూలం అవే. మాస్టారు ఫిర్కో మాటని ఇంకాస్త ముందుకి తీసుకుపోయేవారు. నీ కణం మీ అమ్మ కణం నుంచి, ఆమెది ఆమె అమ్మ నుంచి. ఇలా వెనక్కి పోతూ ఉంటే ఎక్కడా తెగదు, 300 కోట్ల ఏళ్ళకి పైగా ఒక్కచోట కూడా తెగలేదు, తెగి ఉంటే నువ్వీ బెంచీ మీద లేవు అనేవారు. క్లాసులో ఎప్పుడూ గోల చేసే అబ్బాయిలు కూడా ఆ మాటకి కాసేపు ఆగేవారు.

ఆయనకి ఇష్టమైన కథ ఇంకోటుంది. మనిషి క్రోమోజోములు 48 అని శాస్త్రవేత్తలు ముప్ఫై ఏళ్ళకి పైగా నమ్మారు. 46 అని తేలింది 1956లో, స్వీడన్‌లో, జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరి పనివల్ల. ఆ లెవాన్ అంతకుముందు ఏళ్ళ తరబడి పని చేసింది ఉల్లి వేళ్ళ మీద. కొల్చిసిన్ అనే మందు వేస్తే ఉల్లి వేరులో కండె పోగులు కట్టుకోవని, క్రోమోజోములు మధ్యలోనే ఆగిపోతాయని 1938లోనే రాశాడు. ఆ ఉపాయంతోనే తర్వాత మనిషి కణాల్ని ఆపి, పరిచి, లెక్కపెట్టారు. "కాబట్టి ఉల్లిపాయని చిన్నచూపు చూడకండి" అని మా వైపు వేలు చూపించేవారు మాస్టారు. ఉల్లికి 16, వరికి 24, కొబ్బరికి 32, మనకి 46. సంఖ్యని బట్టి గొప్పతనం రాదని కూడా అప్పుడే చెప్పేవారు.

కొల్చిసిన్ ఎక్కడి నుంచో వచ్చిన మందు కాదని చూపించడానికి, ఒక వానాకాలం ఆయన క్లాసుకి అడవినాభి తీగ తెచ్చారు. ఎరుపూ పసుపూ కలిసిన ఆ పువ్వు మా తోట కంచెల మీద కూడా పాకేది. దాని దుంప విషమని పిల్లల్ని అటు పోనిచ్చేవారు కాదు. ఆ విషంలో ఉన్నది కొల్చిసినే. పక్కనే బిళ్ళగన్నేరు కొమ్మ పెట్టారు. తులసికోట చుట్టూ పెంచే ఆ మొక్కలో వింక్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులున్నాయి. అవీ కండె పోగుల మీదే పనిచేసి విభజనని ఆపేస్తాయి. ఆగడం మరిచిపోయి విభజన చెందుతూనే పోయే కణాలే క్యాన్సర్ కాబట్టి, రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఆ మందు ఇస్తారు. మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తయారు చేయించిన ఫోలిక్ ఆమ్ల విరోధులు కూడా అదే జబ్బుకి 1940ల చివర్లో వాడారు. అవి పనిచేసే చోటు వేరు: డి.ఎన్.ఏ. నకలు తీయడానికి కావలసిన సరుకునే అందనివ్వవు. "మా" భీమవరం అని మాస్టారే అనేవారు. ఆయనది ఆ ఊరు కాదు, ఆ జిల్లా కూడా కాదు.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఇవన్నీ తాతకి చెప్పాను. తాత బడికి పోలేదు. కొబ్బరి గురించి ఆయనకి తెలిసినంత మాత్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వేరు చివరి ముక్కలోనే కణాలు పుడతాయని, దాని వెనక ఉన్న కణాలు నీళ్ళు పీల్చుకుని సాగడం వల్లే వేరు పొడుగవుతుందని చెబితే శ్రద్ధగా విన్నాడు. విని, "వేరుకి సివర, సెట్టుకి మొవ్వు. అంతేనా?" అన్నాడు. అంతే. నాకు ఒక ఏడాది పట్టిన పాఠం.

కొబ్బరిచెట్టు తల నడుమ, విచ్చుకోని ఆకుల మధ్య ఉండేది మొవ్వు. చెట్టు మొత్తానికి పైకి పెరిగే చోటు అదొక్కటే. ప్రతి ఆకూ అక్కడ పుట్టాల్సిందే. పెద్ద చెట్టు ఏడాదికి పన్నెండు, పద్నాలుగు ఆకులు వేస్తుంది. అంటే నెలకి ఒకటి చొప్పున. కానీ ఈ నెల బయటికొచ్చిన ఆకు ఈ నెల పుట్టింది కాదు, రెండేళ్ళకి పైగా లోపలే ఉండి వచ్చింది. ప్రతి ఆకు మొదట్లో ఒక గెల. అదీ అంతే, బయటపడటానికి చాలా ముందే లోపల మొదలై ఉంటుంది. అందుకే ఒక ఏడు నీళ్ళు లేకపోతే ఆ దెబ్బ తర్వాతి ఏళ్ళ కాపులో కనపడుతుంది. తాతకి కణాల సంగతి తెలియదు గానీ ఈ లెక్క తెలుసు. "ఇప్పుడు కాసింది మొన్న కురిసిన వాన కాదే గుంటా" అనేవాడు.

మొవ్వు మీద ఆయనకున్న భయం చూస్తే మాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. కొమ్ము పురుగు పడితే చాలు, ఇంట్లో పెళ్ళి ఉన్నా ముందు ఆ చెట్టు ఎక్కించేవాడు. ఆ పురుగు విచ్చుకోని ఆకుల్లోకి తొలుస్తుంది. తర్వాత ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తిరించినట్టు అటూ ఇటూ ఒకే తీరున కోతలు. ఇనుప కొక్కెంతో పురుగుని బయటికి లాగించి, ఆకు మొదళ్ళలో వేపపిండి, ఇసుక కలిపి వేయించేవాడు. వానల్లో మొవ్వు కుళ్ళు తగిలితే ఇంకా బెంగ. నడిమి ఆకు వాడిపోయి, పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తే చెట్టు మీద ఆశ వదులుకునేవాడు.

మా ఇంటి వెనక ఒక కొబ్బరిచెట్టుకీ దాని పక్కనున్న పనసకీ ఒకే ఏడాది గొడ్డలి దెబ్బలు తగిలాయట, నేను పుట్టకముందు. కొబ్బరి మీద ఆ గాయం తగిలిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది, అదే ఎత్తులో, అదే వెడల్పులో. పనస మీద గాయం చుట్టూ చెక్క ఉబ్బి, పెదవుల్లా దగ్గరకొచ్చి దాదాపు మూసుకుపోయింది. ఆ రెంటినీ చూస్తూ పెరిగినా, ఎందుకో తెలిసింది డిగ్రీ రెండో ఏడాదిలో. పనస బెరడు కింద కేంబియం అనే పలచని పొర ఉంటుంది. అందులో కణాలు చెట్టు బతికినన్నాళ్ళూ విభజన చెందుతూ మాను లావెక్కిస్తాయి, గాయాలు పూడుస్తాయి. కొబ్బరికి, తాటికి ఆ పొర లేదు. మాను ఒకసారి కట్టాక ఇక లావెక్కదు, గాయం పూడదు. ఆ సెలవుల్లో కొబ్బరి గాయంలో వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

కొబ్బరికాయ సంగతి వేరే. పిందె కొత్తలో లోపల కేంద్రకాలు విభజన చెందుతాయి గానీ గోడలు కట్టుకోవు. వేలకొద్దీ కేంద్రకాలు నీళ్ళలోనే ఉంటాయి. తర్వాత అంచు నుంచి గోడలు ఏర్పడటం మొదలవుతుంది. చెంచాతో గీరుకుని తినే లేత మీగడ అదే. అదే ముదిరితే కొబ్బరి. మొలకని పెంచడానికి కూడబెట్టిన సరుకు కాబట్టి ఆ నీళ్ళలో కణాలని విభజనకి పురికొల్పే పదార్థాలున్నాయి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టివార్డ్ అనే శాస్త్రవేత్త 1950ల్లో క్యారెట్ దుంప కణాల్ని కొబ్బరి నీళ్ళు కలిపిన ద్రవంలో పెంచి, వాటి నుంచి పూర్తి క్యారెట్ మొక్కల్ని తెప్పించాడు. దుంపలో ఊరికే పడి ఉన్న కణంలో కూడా మొక్క మొత్తం చేసే సత్తా ఉందని దాంతో అందరికీ తెలిసింది. ఇది చెప్పినప్పుడు అమ్మ మొలకెత్తిన కాయ పగలగొట్టి కొబ్బరి పువ్వు తీస్తోంది. "మన నీళ్ళతోనా?" అని మళ్ళీ అడిగి చెప్పించుకుంది. పక్కింటివాళ్ళకి కూడా చెప్పింది.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, విశాఖపట్నం. మధ్యలో ఏళ్ళు చాలానే గడిచాయి, వాటిలో ఈ పాఠంతో పని పడింది తక్కువ. మళ్ళీ పని పడింది పెదనాన్న జబ్బుతో. ఉద్దానం పేరు ఇప్పుడు దేశానికి కొబ్బరి వల్ల కాక కిడ్నీ జబ్బు వల్ల తెలుసు. నీళ్ళా, ఎండలో చాకిరీయా, ఇంకేదైనానా అని ఎందరో వచ్చి పరీక్షలు చేశారు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా వీధిలో ఆ జబ్బు తొక్కని గడప లేదు. పెదనాన్నకి వారానికి రెండు సార్లు డయాలసిస్. ఒకసారి నేనే వెంట వెళ్ళాను. చేతికి సూదులుండగా నన్ను చూసి అడిగాడు. "సర్మం తెగితే అతుక్కుంటాది. గోరు పోతే మళ్ళీ వస్తాది. నువ్వు సదివినదానివి గదా, ఇది ఎందుకు రాదే అమ్మా?"

దాచకుండా చెప్పాను. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తదవుతుంది. చర్మం పైపొర ఒక నెలలో మారిపోతుంది. కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేసినా మిగిలినది పెరిగి ఆ లోటు పూడుస్తుంది. కానీ కిడ్నీలో రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు ఒక్కో కిడ్నీకి సుమారు పది లక్షలు, అన్నీ తల్లి కడుపులో ఉండగానే తయారైపోతాయి. పుట్టాక కొత్తది ఒక్కటి కూడా రాదు. వాటి గొట్టాల గోడల్లో కణాలు కాస్తోకూస్తో విభజన చెంది చిన్న దెబ్బల్ని సర్దుకోగలవు, మచ్చకట్టిపోయిన నెఫ్రాన్ మాత్రం తిరిగి రాదు. పెదనాన్న విన్నాడు. "కొబ్బరి మాను లెక్కన్నమాట" అన్నాడు. ఆ మాట నేను అనలేదు, ఆయనే అన్నాడు. మా ఇంటి వెనక చెట్టు మీద గాయం ఆయన చేతి గొడ్డలిదేనని అప్పుడు చెప్పాడు, పదిహేనేళ్ళ కుర్రాడిగా కోపంలో వేసిన దెబ్బ.

ఇంకోటి కూడా అడిగాడు: కిడ్నీకి జబ్బయితే రక్తం ఎందుకు తగ్గిపోతోందని, ఆ ఇంజెక్షన్ ఎందుకని. ఎముకల మూలుగలో సెకనుకి ఇరవై లక్షలకి పైగా ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. ఒక్కోటి 120 రోజులు బతుకుతుంది. ఆ మూలుగ కణాలకి పనిచేయమని కబురు పంపే హార్మోను, ఎరిత్రోపాయిటిన్, వచ్చేది కిడ్నీ నుంచే. కిడ్నీ పోతే కబురు ఆగిపోతుంది, మూలుగ బాగానే ఉన్నా విభజన తగ్గిపోతుంది. ఆ కబురునే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. "అయితే లోపల పని చేసేవోళ్ళు ఉన్నారన్నమాట" అన్నాడు. ఆ వారం హిమోగ్లోబిన్ కాస్త పెరిగిందని అందరికీ చూపించుకున్నాడు. ఆ తర్వాత ఏడాదికి పోయాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 కిలోమీటర్లకి పైగా. ఫోన్లు పనిచేయలేదు, రోడ్ల నిండా చెట్లు. నేను మా ఊరు చేరేసరికి వారం పైనే అయింది. ఆ తోటల గురించి నేను ఎక్కువ రాయలేను. నీడ లేదు. మధ్యాహ్నం ఇసుక కాలుతోంది.

పడిపోయిన చెట్ల సంగతి సరే. నిలబడి ఉన్న వాటితోనే తమ్ముడికి టెన్షన్. కొన్నిటికి తల మొత్తం తిరిగిపోయి ఎగిరిపోయింది, మాను మాత్రం నిటారుగా ఉంది. కొన్నిటికి ఆకులన్నీ విరిగి కిందకి వేలాడుతున్నాయి. ఏది ఉంచాలి, ఏది కొట్టెయ్యాలి? కూలి ఖర్చు, కొత్త మొక్క పెట్టే చోటు, అన్నీ దాని మీదే ఉన్నాయి. తల పోయినవాటి మీద ఆశ లేదని ఇద్దరికీ తెలుసు. విభజన జరిగే ఆ ఒక్క చోటూ పోయాక, ఎంత ఎత్తు మాను ఉన్నా, ఎన్ని వేళ్ళున్నా కొత్త ఆకు పుట్టే దారి లేదు. ఆకులు విరిగినా మొవ్వు మిగిలినవాటిని మాత్రం కొట్టొద్దన్నాను. అక్కడ తాత చెప్పిన లెక్కే పనికొచ్చింది: లోపల పుట్టిన ఆకులు చాలానే వరసలో ఉంటాయి, బతికుంటే నెలా రెండు నెలల్లో నడిమి ఆకు నిటారుగా లేస్తుంది. దీపావళి అయ్యాక తమ్ముడు ఒక్కో చెట్టు కిందా నిలబడి చూసుకుంటూ, లేచినవాటికి సున్నం గుర్తు పెట్టుకుంటూ వచ్చాడు. జీడి మోళ్ళు కొన్ని, మొదట్లో విరిగినవి కూడా, పక్కల నుంచి చిగుళ్ళు వేశాయి. జీడికి మాను పొడవునా నిద్రపోయే మొగ్గలుంటాయి. ఒకచోట పోతే ఇంకోచోట లేస్తుంది. కొబ్బరికి ఆ భాగ్యం లేదు. ఇంటి వెనక గాయం ఉన్న కొబ్బరికి తల పోయింది. పనస పక్కకి ఒరిగింది గానీ వేళ్ళు వదల్లేదు.

మా మాస్టారికి అప్పటికి ఎనభై దాటాయి. ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కొబ్బరి సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగినవన్నీ పనికొచ్చే ప్రశ్నలు: విత్తనపు కాయలు ఏ చెట్టువి తీస్తున్నారు, పొడుగు రకమా పొట్టి రకమా, పడిన మానుల్ని తోటలోనే కుళ్ళనిస్తున్నారా. కుళ్ళనివ్వొద్దన్నారు. కుళ్ళిన మానుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, మిగిలిన చెట్ల మొవ్వుల మీద పడుతుంది. తమ్ముడు ఆ మాట విని మానుల్ని ముక్కలు కోయించి తీయించేశాడు.

ఆ శీతాకాలం వేసిన మొక్కలన్నీ మా ప్రాంతపు పొడుగు రకమే. కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది. మొదటి గెలలు ఇప్పుడిప్పుడే వేస్తున్నాయి. ఏ వరసలో ఏ మొక్క గెల వేసిందో తమ్ముడు నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. పిందెలు ఎక్కువగా రాలిపోతున్నాయని మొన్న ఫోన్లో బెంగపడ్డాడు. మొదటి కాపు అంతేనని, రెండో ఏడాదికి నిలుస్తాయని పక్క తోట పెద్దాయన అన్నారట. ఆకుల్లో కోతలేమైనా కనపడుతున్నాయా అని అడిగాను. రెండు మొక్కలకి ఉన్నాయన్నాడు. వేపపిండి తెప్పించాడు, ఆదివారం వేయిస్తానన్నాడు.